ఫోను సంచిలో వేసి వెళ్లిన మాస్టారు

పన్నెండేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున ఏడు గంటలకి ఆస్పత్రికి వస్తానని మా ఆవిడకి మాట ఇచ్చి రాని మనిషి, మొన్న గురువారం కన్నుమూశారు. ఎనభై ఒక్క ఏళ్లు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ఇక్కడ అమెరికాలో, షికాగో పక్కన అరోరాలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవారు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆయన ధ్యానం మాస్టారు. నాకు మాత్రం ‘ఫోను సంచిలో వేసి వెళ్లిన మహానుభావుడు’. ఆ మాట ఈ పత్రికలోనే రాశాను. పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. పేరు రాయలేదు కానీ, అది ఎవరి గురించో తెలియనివాళ్లు అప్పుడు ఈ ఊళ్లో లేరు.

ఇప్పుడు ఇదే పత్రిక సంపాదకుడు ఫోన్ చేసి, “అంకుల్, మీరు నైబర్ కదా, ఆయన మీద రెండు పేజీలు రాసివ్వండి” అన్నాడు. పాత సంచికలు చదివి ఉండడు. సరేనన్నాను. మర్యాదకి నాలుగు ముక్కలు రాసి వదిలించుకుందామనుకున్నాను. ఈలోగా ఆదివారం నాడు ఒక సంగతి తెలిసింది. అది తెలిశాక, పన్నెండేళ్ల కిందట నేను రాసినదాంట్లో నిజమెంతో ఇక్కడే, ఈ పేజీల్లోనే తేల్చాల్సివచ్చింది. అందుకే ఇది మీరు అనుకునేంత మర్యాదగా ఉండకపోవచ్చు.

వాట్సాప్ గుంపులో అప్పుడే నివాళుల వాన మొదలైంది. చేతులు జోడించిన బొమ్మలు, తామరపూల బొమ్మలు. ఆయన క్లాసుకి ఒకే ఒక్కసారి వచ్చి, గోడకి ఆనుకుని గురకపెట్టిన ఒక డాక్టరుగారు ‘నా జీవితాన్ని మార్చిన గురువు’ అని రాశారు. ఆ గురక విన్నవాళ్లలో నేనొకణ్ణి. నా వ్యాసం వచ్చిన నెలలోనే క్లాసు మానేసినవాళ్లు ఇప్పుడు ఆయనతో దిగిన ఫొటోలు వెతికి పెడుతున్నారు. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. నా దగ్గర ఫొటో లేదు.

మాస్టారు ఎవరికీ గురువు కాదు. ముప్పై ఏళ్లు మంచినీళ్లు పరీక్షచేసే ల్యాబులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కాషాయం లేదు, గడ్డం లేదు. చలికాలమంతా ఒకే గోధుమరంగు స్వెట్టరు. శనివారం పొద్దున పది గంటలకి లైబ్రరీలో మీటింగ్ రూమ్ తీసుకుని క్లాసు చెప్పేవారు. మొదట్లో ఎవరో అగరొత్తులు తెస్తే, “వద్దమ్మా, ఫైర్ అలారం మోగితే ధ్యానం అందరికీ ఒకేసారి అయిపోతుంది” అన్నారు. మా ఆవిడకి హైవే మీద కారు నడపడం భయం. ఆవిణ్ణి దింపడానికి వెళ్లేవాణ్ణి, తీసుకురావాలి కాబట్టి వెనక కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి.

“బావగారూ, ఆ పుస్తకం కాసేపు మూస్తారా?” అన్నారు ఒకరోజు. మా ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలిచేవారు. ఆ లెక్కన నేను ఆయనకి బావనయ్యాను, నన్నెవరూ అడక్కుండానే.

“చదవడమూ ధ్యానమేగా మాస్టారూ” అన్నాను.

“అవును. కానీ మీరు పేజీ తిప్పి పది నిమిషాలైంది.”

అందరూ నవ్వారు. మా ఆవిడ అందరికంటే ఎక్కువ నవ్వింది. నాకది గుర్తుండిపోయింది. నేను అలాంటివి మరచిపోను.

కళ్లు మూసుకుని కూర్చోవడం ఆయన దృష్టిలో చిన్న భాగం. “కూర్చునేది పావుగంట. మిగతా రోజంతా ఎవరు బతుకుతున్నట్టు?” అనేవారు. అందుకని ఆయన నేర్పేవన్నీ ఇంటిపనుల్లాగే ఉండేవి. గిన్నె తోముతుంటే ఆ గిన్నే తోమాలి, తర్వాతి గిన్నె సంగతి తలుచుకోకూడదు. అన్నంలో మొదటి ముద్ద మాట్లాడకుండా తినాలి, టీవీ చూడకుండా తినాలి, అందులో కరివేపాకు ఉందో లేదో నాలుక చెప్పాలి కానీ కన్ను కాదు. ఫోన్ మోగగానే ఎత్తకూడదు. మూడు రింగులు వినాలి, ఒక శ్వాస తీసుకోవాలి, అప్పుడు ఎత్తాలి. మా ఆవిడ ఇవన్నీ అక్షరాలా పాటించేది. అంతకుముందు పది నిమిషాల్లో అయ్యే గిన్నెలు ముప్పావుగంట పట్టేవి.

“ఏమోయ్, ఆ ఒక్క మూకుడుకి ఇంకా మోక్షం రాలేదా?” అనేవాణ్ణి.

“తొందరైతే మీరు రండి, చెరొకటి తోముదాం” అనేది. నేను వెళ్లేవాణ్ణి కాదు.

ఒకసారి మాస్టారి కారులో ఇండియన్ స్టోరుకి వెళ్లాను. దారిలో రెడ్ లైట్ పడింది. “మూడు శ్వాసలు ఫ్రీ” అని స్టీరింగు మీద చేతులు వదులు చేసుకున్నారు. నేను ఊపిరి సంగతి వదిలేసి దీపం కేసి చూస్తున్నాను.

“గ్రీన్ పడింది మాస్టారూ.”

“మూడోది అవనివ్వండి.”

వెనకవాడు హారన్ మోగించాడు. తర్వాత పక్కనుంచి దూసుకుపోతూ, ఈ దేశంలో చూపించే వేలు చూపించాడు. మాస్టారు నెమ్మదిగా కారు కదిలించి, “పాపం, ఇవాళ ఆయనకి రెడ్ లైట్లు సరిపోలేదు” అన్నారు. ఆ మాటకి నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. అప్పటికే ఆయన మీద ఏదో కినుక ఉండేది నాకు. నేను ఎన్ని పుస్తకాలు చదివినా మా ఆవిడకి నా మాట ఎక్కలేదు. ఆయన గిన్నెలు తోమమంటే ఎక్కింది.

ఒక్క విషయంలో ఆయన్ని అప్పుడూ మెచ్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ మేనేజరు ఒకతను వచ్చి, “మాస్టారూ, మా ఆఫీస్‌లో ఒక మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ చేయండి, టీమ్ ప్రొడక్టివిటీ పెరగాలి” అన్నాడు. “పెరగదు బాబూ. నిజంగా చేస్తే ఇద్దరు ముగ్గురు ఉద్యోగం మానేస్తారు” అన్నారు. ఆ మేనేజరు మళ్లీ కనబడలేదు. ఇప్పుడు మా అల్లుడి చేతి గడియారం గంటకోసారి వణికి ఊపిరి తీసుకోమని గుర్తుచేస్తుంది. అది చెప్పేదాకా ఏం తీసుకుంటున్నాడో అడగాలని ఉంది, అమ్మాయి మొహం చూసి ఊరుకుంటాను.

ఆయన నేర్పినవాటిలో నాకు బొత్తిగా నచ్చనిది పేర్లు పెట్టడం. మనసులోకి ఏది వస్తే దాన్ని పేరుతో పిలవాలట. “నాకు కోపం వచ్చింది అని కథ చెప్పకండి. ఊరికే ‘కోపం’ అనండి. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పేరు పెట్టి పలకరిస్తే లోపలికొచ్చి కూర్చుంటాడు. లేకపోతే తలుపు బాదుతూనే ఉంటాడు.” ఆరోజు క్లాసు అయ్యాక లైబ్రరీ మెట్ల మీద నిలబడి అడిగారు.

“బావగారూ, మా చెల్లెమ్మని మీరు ఏమని పిలుస్తారు?”

“ఏమోయ్ అంటాను. ఇదిగో అంటాను.”

“పేరుతో?”

“మా ఇళ్లలో భార్యని పేరు పెట్టి పిలవం.”

మా ఆవిడ అందుకుంది. “ఇమ్మిగ్రేషన్ ఫారం మీద రాశారన్నయ్యా. అందులో స్పెల్లింగ్ కూడా కరెక్టే. నోటితో మాత్రం నలభై ఏళ్లలో ఒక్కసారి అన్లేదు.”

“అడగలేకపోయావా అమ్మా?”

“అడిగితే చెయ్యరు. అదే ఈయనతో తంటా.”

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మెట్ల మీద ఆ రోజు ఎండ బాగుంది.

ఆ మరుసటేడు మా ఆవిడ గుండెలో ఒక కవాటం పాడైందని, మార్చాలని చెప్పారు. ఆవిడకి కోత అంటే భయం లేదు. మత్తు ఇవ్వడానికి మొహం మీద మాస్కు పెడతారే, అదంటే భయం. ఊపిరి ఎవరో లాక్కుంటున్నట్టు ఉంటుందనేది. మాస్టారు మా వంటింట్లో కూర్చుని ఒక ఉపాయం చెప్పారు. బొటనవేలు చిటికెనవేలి కింది కణుపు మీద పెట్టి, ఒక శ్వాసకి ఒక కణుపు చొప్పున పైకి జరుపుకుంటూ పోవాలి. నాలుగు వేళ్లు, పన్నెండు కణుపులు. పక్కన ఇంకొకరు కూర్చుని అదే లెక్క పైకి అనాలి. రెండు గొంతులు ఒక లెక్కలో ఉంటే భయానికి చోటు తక్కువ అన్నారు.

“ఆ పొద్దున ఏడింటికి నేనొస్తాను చెల్లెమ్మా. నిన్ను లోపలికి తీసుకెళ్లేదాకా పక్కన కూర్చుని లెక్కపెడతాను.”

ఆ మాట నేను విన్నాను. నాకు నిశ్చింతగా అనిపించింది కూడా. నేను కాఫీ తాగుతూ పేపరు చదువుకోవచ్చు.

ఆ మంగళవారం ఏడైంది. ఆయన రాలేదు. ఏడుంబావుకి నేను గదిలో సిగ్నల్ సరిగా లేదని వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. మూడు రింగులు దాటాయి, ఆరు దాటాయి, అప్పుడు ఆయన రికార్డు చేసి పెట్టుకున్న గొంతు వచ్చింది. “నేను మాస్టారిని. తొందరేం లేకపోతే ఒక శ్వాస తీసుకుని, అప్పుడు చెప్పండి.” మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఆరుసార్లు విన్నాను ఆ శాంతపు గొంతు. ఆరోసారి నోటికొచ్చింది అన్నాను. మధ్యలో నర్సు తలుపు తీసి, మీ ఆవిడ మిమ్మల్ని పిలుస్తున్నారు అంది. “వన్ మినిట్” అన్నాను. ఆ నిమిషం ఎంతసేపు సాగిందో నాకు తెలీదు. లోపలికి వెళ్లేసరికి మంచం చక్రాల బ్రేకు తీస్తున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. దుప్పటి మీద కుడిచెయ్యి, వేళ్ల మీద బొటనవేలు.

“రాలేదు మీ అన్నయ్య” అన్నాను.

ఆవిడ కళ్లు తెరిచి నన్ను చూసింది. “పర్లేదులెండి” అంది.

తీసుకెళ్లారు. ఆవిడ మళ్లీ లేవలేదు. రెండో రోజు సాయంత్రం పోయింది. ఆవిడతో నేను అన్న ఆఖరి మాట అదే, ‘రాలేదు మీ అన్నయ్య’.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోములో, మాస్టారి క్లాసుకి వచ్చే ఒకావిడ చెప్పింది. మాస్టారు సోమవారమే విస్కాన్సిన్‌లో పదిరోజుల మౌన శిబిరానికి వెళ్లారు. అక్కడ గుమ్మంలోనే ఫోను ఒక గుడ్డసంచిలో వేసి, పేరు చీటీ కట్టి తీసేసుకుంటారట. పదిరోజులు ఎవరితోనూ మాటల్లేవు, బయటి కబురు లోపలికి రాదు. నేను ఆరుసార్లు మోగించిన ఫోను ఆ సంచిలో మోగింది. నాకు కావలసింది దొరికింది. ఆయన తిరిగొచ్చిన రోజు నేరుగా మా ఇంటికే వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. “బావగారూ, చెల్లెమ్మ…” అన్నారు.

“సంచిలోంచి ఫోను తీసుకున్నారా మాస్టారూ?” అని అడిగి తలుపు వేసేశాను.

తర్వాత ఆ వ్యాసం రాశాను. తన శాంతి కోసం ఇంకొకరి ఆఖరి గంటకి తాళంపెట్టి పోయేవాళ్ల గురించి. బాగా రాశాను. మీలో చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు, రెండు వాక్యాలు అప్పగించినవాళ్లు కూడా ఉన్నారు. లైబ్రరీ క్లాసుకి పాతికమంది వచ్చేవారు, ఏడుగురు మిగిలారు. ఆయన ఒక్క మాట జవాబు రాయలేదు. తప్పు ఒప్పుకోవడానికి అంతకంటే ఏం రుజువు కావాలి అనుకున్నాను.

మంచు పడిన ప్రతి పొద్దున ఆయన పార పట్టుకుని బయటికొచ్చేవారు. ఒక శ్వాసకి ఒక పార. తన వాకిలి, పక్కవాళ్ల కాలిబాట, అలా మా ఇంటిదాకా వచ్చి, మా వాకిలి కూడా తీసి వెనక్కి వెళ్లేవారు. కిటికీ బ్లైండ్స్ సందులోంచి చూస్తూ ఉండేవాణ్ణి. వద్దనలేదు. థాంక్స్ చెప్పలేదు. ఆయన వెళ్లాక మిగిలిన మంచు కరగడానికి ఉప్పు చల్లి, నేనే తీసుకున్నట్టు నడుం పట్టుకుని లోపలికొచ్చేవాణ్ణి. పన్నెండు చలికాలాలు అలా గడిచాయి. పోయిన చలికాలం నా మోకాళ్లకీ ఆయన గుండెకీ ఒకటే వయసు వచ్చేసింది. అయినా ఆయనే తీశారు.

మధ్యలో ఒక్కసారి మాటలు జరిగాయి. ఇండియన్ స్టోరులో బెండకాయల దగ్గర. ఆయన ఒక్కో కాయ కొస విరిచి చూస్తున్నారు, ఆ పని తప్ప లోకంలో ఇంకోటి లేనట్టు.

“బాగున్నారా బావగారూ?”

“మీ ధ్యానం ఎలా సాగుతోంది?” అన్నాను, పక్కనున్నవాళ్లకి వినబడేలాగే.

“మీరు తిడుతూనే ఉన్నారుగా. బాగానే సాగుతోంది” అన్నారు.

పొగరు అనుకున్నాను.

మొన్న ఆదివారం ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. డిట్రాయిట్ దగ్గర నోవైలో కార్ల కంపెనీలో ఇంజనీరు. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు పలకడం కాస్త మెత్తగా ఉంటుంది, కానీ మాట్లాడుతుంది. టీ ఇస్తే చల్లారేదాకా ముట్టుకోలేదు.

“అంకుల్, మీకు ఒక విషయం చెప్పాలి. డాడీ ఉన్నప్పుడు చెప్పొద్దు అన్నారు. ఇప్పుడు చెప్పొచ్చు అనుకుంటున్నా.”

“చెప్పమ్మా.”

“ఆంటీ సర్జరీకి ముందు శనివారం, నేను ఇక్కడే ఉన్నా. ఆంటీ మా ఇంటికి నడిచి వచ్చారు. డాడీ ఆల్రెడీ ఆ విస్కాన్సిన్ రిట్రీట్ క్యాన్సిల్ చేసేశారు, ఆంటీ కోసం. ఆంటీ ఏమన్నారంటే, ‘అన్నయ్యా, మీరు ఆస్పత్రికి రావద్దు, మీరు అక్కడికే వెళ్లండి’ అన్నారు.”

ఆ పిల్ల నా మొహం చూడకుండా కప్పు చూస్తూ చెప్పింది.

“డాడీ ఒప్పుకోలేదు. మాట ఇచ్చానమ్మా అన్నారు. ఆంటీ చెప్పింది నాకు ఇప్పటికీ ఎగ్జాక్ట్‌గా గుర్తు. ‘మీరొస్తే ఆయన బయట కుర్చీలో పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. మీరు రాకపోతే గతిలేక ఆయనే నా పక్కకి వస్తారు. నాకు ఆయన గొంతుతో ఆ లెక్క వినాలని ఉంది. అడిగితే చెయ్యరు. మీరు ఊళ్లో ఉంటే ఫోన్ చేసి పిలిపిస్తారు, అందుకని ఫోన్ లేని చోటికి వెళ్లండి’ అన్నారు. మీకు చెప్పనని డాడీతో ప్రామిస్ చేయించుకున్నారు. డాడీ మళ్లీ కాల్ చేసి ప్లేస్ ఉందా అని అడిగి వెళ్లారు.”

“మరి తర్వాత? ఆవిడ పోయాక చెప్పొచ్చుగా?”

“నేను చాలాసార్లు అడిగా అంకుల్. మీ ఆర్టికల్ వచ్చినప్పుడు డాడీతో ఫైట్ కూడా చేశా. డాడీ అన్నారు, ‘ఆయనకి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేనున్నాగా. ఈ సంగతి చెప్తే ఆ కోపం ఎవరి మీదికి పోతుందో ఆలోచించు’ అని.”

ఆ పిల్ల వెళ్లిపోయాక ఆ కప్పు తీసి కడిగాను. మొదట కృతజ్ఞత రాలేదు. మళ్లీ కోపమే వచ్చింది. నన్నడక్కుండా నా మీద పన్నెండేళ్లు దయ చూపించడానికి ఈయనెవరు అని. కానీ ఒకటి ఒప్పుకోవాలి. కొండంత చెడ్డపేరు వీపు మీద వేసుకుని, ఆ పేరు పెట్టినవాడి వాకిలే ఊడ్చి, ఎదురుపడితే బాగున్నారా అని అడిగిన మనిషిని నా డెబ్భై తొమ్మిదేళ్లలో ఇంకొకరిని చూడలేదు. ఆయన ధ్యానం అంటే ఏమిటో నేను అన్ని పుస్తకాల్లోనూ వెతికాను. అది నాలుగిళ్ల అవతలనుంచి పార పట్టుకుని వస్తూనే ఉంది.

కాబట్టి ఈ పత్రిక పాఠకులకి చెప్పాల్సింది చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట నేను రాసిన వ్యాసం తప్పు. మాస్టారు మాట తప్పలేదు. మా ఆవిడకి ఇచ్చిన రెండో మాట నిలబెట్టుకోవడానికి మొదటిది వదులుకున్నారు, అదీ ఆవిడ అడిగితే. ఆ వ్యాసం మెచ్చుకుని ఫోన్ చేసినవాళ్లు, వీలైతే, మెచ్చుకున్న సంగతి మరచిపోండి. క్లాసు మానేసినవాళ్లకి నేను చెప్పగలిగిందేమీ లేదు. మీరు నా వాక్యాలు చూసి మానేశారు. నా వాక్యాలంత చవకైన సాకు మీకు దొరికింది.

సోమవారం ఫ్యూనరల్ హోమునుంచి తిరిగొస్తుంటే రెడ్ లైట్ పడింది. స్టీరింగు మీద చేతులు వదులు చేశాను. ఒక శ్వాస. రెండు. బొటనవేలు దానంతటదే చిటికెనవేలి కణుపు మీదికి పోయింది. మూడోది అవకుండానే వెనక హారన్ మోగింది. నేను కదలలేదు. మోగించుకోనీ అని కూర్చున్నాను, నా లోపల కోపం తలుపు బాదుతోందని తెలిసి కూడా. సరే, పేరు పెట్టి పిలుద్దాం అనుకున్నాను. ఎవరిని? మాస్టారి పేరు అన్నాను మనసులో. కోపం ఆ పేరు మీద కూర్చోలేదు, లేచి వెళ్లిపోయింది. ఆ ఆస్పత్రి డాక్టరునీ అనలేను, తన పని తను చేశాడు. ఇలాంటిచోట రాసేవాడు ఇంతకీ తప్పంతా నాదే అని తనని తాను తిట్టుకుంటే మీకు చదవడానికి బాగుంటుంది, కళ్లు తుడుచుకుని పేజీ తిప్పేయవచ్చు. ఆ సుఖం మీకివ్వను. నేనెలాంటివాణ్ణో నాకు మొదటినుంచీ తెలుసు. నేను ఆ పొద్దున వరండాలో నిలబడి ఫోన్ చేయడంలో నాకు వింతేమీ కనబడదు. అలాంటివాడు అదే చేస్తాడు.

వింత వేరే ఉంది. వాడు అదే చేస్తాడని నలభై ఏళ్లు దగ్గరనుంచి చూసి కూడా, ఈ ఒక్క పొద్దున చెయ్యడు, ఫోను జేబులో పెట్టుకుని లోపలికొస్తాడు, పక్కన కూర్చుని ఒకటి, రెండు, మూడు అంటాడు అని ఒకరు నమ్మారు. నమ్మి, తోడుగా వస్తానన్న ఒక్కగానొక్క మనిషిని కూడా దూరం పంపేశారు. నాతో ఒక్క మాట అనకుండా. అడిగితే చెయ్యనని. ఏమో, అడిగి ఉంటే చేసేవాణ్ణేమో. ఆ సంగతి తేలే దారి ఇక లేదు. దుప్పటి మీద ఆ చెయ్యి ఇప్పటికీ కనబడుతుంది. బొటనవేలు ఉంగరంవేలి మధ్య కణుపు దగ్గర ఆగి ఉంది. అంటే నేను లోపలికి వచ్చేసరికి ఐదో శ్వాస. మిగిలిన ఏడింటికీ ఎదురుచూస్తూ, నా మొహం చూసి, పర్లేదులెండి అంది.

పర్లేదు అనడానికి ఏమీ లేదు. నేను ఇప్పటికీ క్షమించనిది నన్ను అలా నమ్మిన ఆ మనిషినే. మాస్టారు చెప్పినట్టు, కథ చెప్పకుండా, పేరు పెట్టి పిలుస్తున్నాను.

అనసూయ.